అక్షరముల ఆనవాళ్లు

మనుష్యులకు వలెనే అక్షరములకును ముఖకవళికలు కలవు. ఒక తల్లి బిడ్డలలో పోలికయు, భేదమును కానవచ్చునట్లు, ఒకే అక్షరము వేయి పుస్తకములలో వేయి రూపములతో కనబడును. చదువరులు అర్థమును గ్రహించి పుట త్రిప్పుదురు. అక్షరము ముఖమును నిలిచి చూచువారు అరుదు. చూడ నేర్చినవానికి మాత్రము ఆ అక్షరము తన్ను పుట్టించిన పనిముట్టును, పుట్టిన కాలమును, ఒక్కొక్కప్పుడు తన్ను తీర్చిన చేతిని కూడ తెలుపును.

గుంటూరునుండి తెనాలికి పోవు త్రోవలో వడ్లమూడి అను గ్రామము కలదు. ఒకప్రక్క వరిపొలములు, మరియొకప్రక్క విద్యాలయముల మేడలు ఆ గ్రామమునకు అలంకారములు. అచ్చట ఒక యువకుడు కంప్యూటరు విద్య అభ్యసించుచుండెను. అతని తాత 1960లో, తన పదునైదవ యేట, తెనాలిలోని ఒక అచ్చుకూటమున కుర్రవాడుగా చేరి, క్రమముగా కంపోజిటరై, నలుబది యేండ్లు ఆ పనియందే గడపినవాడు. ఇప్పుడు ఆయనకు చూపు మందగించినది. ఆయన మంచముక్రింద ఒక రేకుపెట్టె ఉండెడిది. అందులో పెండ్లి శుభలేఖలు, నాటకముల కరపత్రములు, సినిమా పాటల పుస్తకములు, పాత పుస్తకముల అట్టలు కట్టలు కట్టలుగా పడియుండెను. ఇంటికి సున్నము వేయించు తరుణము వచ్చినప్పుడెల్ల, ఆ పెట్టెను చిత్తుకాగితములవానికి ఇచ్చివేయవలెనని ఇంటివారు అనుకొనుచునే యుండిరి.

ఇట్లుండగా, తెనాలిలోని నాటకాభిమానులు కొందరు తమ పెద్దలు ఆడిన ఒక నాటకమును మరల ముద్రింపదలచిరి. 1968లో అచ్చయిన ప్రతి యొక్కటే వారికి దొరకినది. దాని అట్టమీద నాటకము పేరు లావైన వంపుల అక్షరములతో నిండుగా ఉండెను. క్రొత్త ముద్రణమునకు కూడ అవే అక్షరములు కావలెనని వారి కోరిక. “ఈ అక్షరముల పేరేమో కనుగొని, కంప్యూటరులో కూర్చి యిమ్ము” అని వారు ఆ యువకుని కోరిరి. అతడు అది గడియసేపటి పని అనుకొనెను.

ఆంగ్లాక్షరములైనచో, ఛాయాచిత్రమును చూపినంతనే ఇది ఫలానా రకమని చెప్పు సాధనములు అంతర్జాలమున కలవు. అతడు ప్రయత్నించిన సాధనమేదియు తెలుగక్షరమును పోల్చజాలకపోయెను. పిమ్మట అతడు తెలుగు ఫాంటులను ఒక్కొక్కదానినే తెరమీదికి తెచ్చి చూడసాగెను. శీర్షికల కొరకును, ప్రకటనల కొరకును ఉద్దేశింపబడి, ఉచితముగా లభించు ఫాంటులలో ‘తెనాలి రామకృష్ణ’ అను పేరుగలది యొకటి కలదు. ఆ పేరు చూచి అతనికి పట్టరాని ఆశ కలిగెను. తెనాలి పుస్తకమునకు తెనాలి అక్షరమే సరిపోవునని తలచెను. పేరు కలిసినది గాని ముఖము కలియలేదు. ‘రామభద్ర’ను చూచెను, ‘గిడుగు’ను చూచెను. రెండు దినములు గడచినవి. చివరకు విసిగి, ఆ పుస్తకమును తాతయ్య చేతిలో పెట్టెను.

వృద్ధుడు అట్టను కంటి దగ్గరకు తెచ్చికొనలేదు. దానిని వెనుకకు త్రిప్పి, చూపుడువ్రేలితో మెల్లగా తడిమెను. “చూడు నాయనా, ఇచ్చట మిట్టపల్లములు తగులుచున్నవి. ఇది అదిమి వేసిన అచ్చు” అనెను.

పూర్వము అచ్చక్షరమును సీసము, తగరము, అంటిమొని అను లోహములను కరగించి, మిశ్రమముగా పోతపోసెడివారు. ఆ అక్షరమునకు సిరా పూసి కాగితముపై అదిమినప్పుడు కాగితము కొంచెము లోనికి నొక్కుకొనును; వెనుకవైపున ఆ గురుతు తేలును. భూతద్దముతో చూచినచో, ఒత్తిడికి సిరా అంచులకు జరిగి అక్షరము చుట్టును నల్లని గీత యేర్పడియుండుటయు కనబడును. వాడి వాడి అరిగిన అక్షరములైనచో తలకట్టు చివర విరిగియుండును, లేదా ఒత్తు సగము మాయమగును. 

“అట్లయిన ఇది సీసపుటక్షరమే కదా, తాతయ్యా!” అని యువకుడు సంతోషముతో అనెను.

“తొందరపడకుము. అదిమి వేసినది అచ్చు అని మాత్రమే వ్రేలు చెప్పినది. అక్షరము పోతపోసినదో, చేతితో వ్రాసినదో వ్రేలు చెప్పజాలదు. చేతితో వ్రాసినదానిని ఛాయాచిత్రము తీసి, జింకు బ్లాకు చేయించి, అదియు ఇట్లే అదిమి వేసెడివారము. ఈ పేరులో రెండు పర్యాయములు వచ్చిన అక్షరమేదైనా కలదా?”

“కలదు. ‘మ’ రెండుమార్లు వచ్చినది.”

“ఆ రెంటిని పోల్చి చూడుము. అచ్చు గుద్దినట్లున్నవా?”

తెలుగువారు తండ్రికొడుకుల పోలికను చెప్పునప్పుడు వాడు మాటయే అది. ఒకే మూసలో పోసిన అక్షరములు రెండును వెండ్రుకవాసి భేదము లేక ఉండవలెను. చేతితో వ్రాసినవాడు ఎంతటి నేర్పరియైనను, రెండవ అక్షరము మొదటిదానికి తోబుట్టువగును గాని ప్రతిబింబము కాదు. యువకుడు భూతద్దము పట్టి చూచెను. మొదటి ‘మ’ చివరి కొమ్ము నిటారుగా పైకి లేచియుండెను. రెండవ ‘మ’ పేరునకు చివరి అక్షరము. దాని కొమ్ము లోపలికి వంగి, అలసిన పక్షి మెడను రెక్కలో దాచుకొన్నట్లుండెను. ఇన్ని దినములు ఆ పేరును చూచుచున్నను, అతడు ఆ భేదమును ఎన్నడు గమనింపలేదు. లేని ఫాంటు కొరకు తాను రెండు దినములు వెదకితినని అతనికి అప్పుడు తెలిసెను.

అతడు వంపు సంగతి చెప్పగానే వృద్ధుని ముఖము మారెను. కొంతసేపు మాటాడక, “ఆ పెట్టె ఇటు లాగుము” అనెను.

ఆ సాయంకాలము తాతామనుమలు పెట్టెలోని కాగితములను నేలపై పరచి, నాలుగు కుప్పలుగా విడదీసిరి.

మొదటిది పోత అక్షరముల కుప్ప. సీసపుటక్షరము ఒక చిన్న దిమ్మమీద నిలిచియుండును. ప్రక్కప్రక్కనున్న రెండు దిమ్మలు ఒకదానిలో నొకటి చొరజాలవు. కనుక అక్షరముల నడుమ ఎంతో కొంత ఎడము తప్పదు. గుణింతములకును, ఒత్తులకును వేరువేరు ముక్కలు కావలసివచ్చుటచే, తెలుగు కంపోజిటరు వందలకొలది గళ్లుగల కేసుల ముందు నిలిచి పని చేయవలసియుండెను. కొన్ని అచ్చులలో ఒత్తు తన అక్షరముక్రింద ఒదుగక ప్రక్కకు తొలగి నిలుచుట కానవచ్చును. తెలుగచ్చునకు ఇట్టి ప్రయాస మొదటినుండియు ఉన్నదే. 1746లోనే బెంజమిన్ షుల్జ్ జర్మనీ దేశపు హాలే నగరమున తెలుగు పుస్తకములను అచ్చొత్తించెను. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణము శ్రీరాంపురమున అచ్చయ్యెను. తాటాకుమీద గంటముతో గుండ్రముగా వ్రాయుటకు అలవాటుపడిన లిపిని లోహపు దిమ్మలలో ఇముడ్చుట అందరికిని కష్టమైన పనియే అయ్యెను.

రెండవది చేతివ్రాత కుప్ప. తక్కిన మూడింటికంటె అదే పెద్దదగుట చూచి యువకుడు ఆశ్చర్యపడెను. “ఇన్ని శీర్షికలు చేతితోనే వ్రాసిరా?” అని అడిగెను. అందులో వింత లేదు. ఆంగ్లమునకు పెద్ద, చిన్న అక్షరములు కలిసి ఏబదిరెండు. తెలుగులో ఒక క్రొత్త రకము పోయింపవలెనన్న వందల ముక్కలు చెక్కవలెను; ప్రతి సైజునకును మరల ఆ శ్రమ యంతయు పడవలెను. అంత వ్యయమునకు ఓర్చుట కంటె, చిత్రకారుని చేత నాలుగక్షరములు వ్రాయించుకొనుట సులభము. కావుననే తెలుగు పత్రికలలోను, పుస్తకములమీదను, సినిమా ప్రకటనలలోను శీర్షికలకు కుంచెయే అచ్చయ్యెను. తెలుగువారికి ఆనాటి శీర్షికాక్షరమును గుర్తించుటయనగా, పలుమారులు ఒక చేతిని గుర్తించుటయే. బాపు (1933–2014) వ్రాసిన శీర్షికను చూచి, సంతకము లేకున్నను ఇది బాపు వ్రాత అని సామాన్య పాఠకులు కూడ చెప్పగలిగిరి. తరువాతి కాలమున ఆ వ్రాతను అనుసరించి కంప్యూటరు అక్షరములు సైతము వెలసినవి. అక్కడ చేయి ముందు పుట్టినది. ఫాంటు పిదప పుట్టినది.

మూడవది చిన్న కుప్ప. దానిని వేరుచేయుటయే మిక్కిలి కష్టమైనది. వెనుకకు త్రిప్పి తడిమినచో ఆ కాగితములు నున్నగా ఉండెను. అక్షరములు రెండేసి అచ్చు గుద్దినట్లే ఉన్నవి. కాని లోహమునకు సహజమైన ఎడము లేదు. ఒక అక్షరము తలకట్టు ప్రక్క అక్షరమును తాకుచుండెను. మూలలు కొంచెము మెత్తబడినట్లుండెను. ఇవి వెలుగుతో పుట్టిన అక్షరములని వృద్ధుడు చెప్పెను.

ఈ పద్ధతికి మూలము సులభముగా గ్రహింపదగినదే. అక్షరముల రూపములను ఫిల్ముమీదనో, గాజు పలకమీదనో పారదర్శకముగా నిలిపి, చుట్టును నలుపు చేయుదురు. కావలసిన అక్షరము వెనుక ఒక్క లిప్తకాలము దీపము మెరయును. ఆ వెలుగు కటకముద్వారా పోయి, ఛాయాచిత్రపు కాగితముపై అక్షరమై పడును. రెనే హిగొనె, లూయీ మొయిరూ అను ఫ్రెంచి ఇంజనీర్లు నిర్మించిన ఇట్టి యంత్రముతో కూర్చిన మొదటి గ్రంథము అమెరికాలో 1953లో వెలువడినది. అది కీటకముల లోకమును వర్ణించు పుస్తకము. కటకమును జరిపిన కొలది ఒకే అక్షరము చిన్నదియు, పెద్దదియు కాగలదు. దిమ్మలు లేవు గనుక అక్షరములను ఎంత దగ్గరకైనను చేర్చవచ్చును. పాశ్చాత్యులు ఈ స్వేచ్ఛను చూచి ముచ్చటపడి, 1970 ప్రాంతమున అక్షరములను ఒకదానిమీదికి మరియొకటి ఒరగినట్లు కూర్చిరి. హెర్బ్ లుబాలిన్, టామ్ కార్నేజ్ తీర్చిన ‘అవాంట్ గార్డ్ గాథిక్’ అను రకము అందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము.

తెనాలి వృద్ధునికి ఆ యంత్రములతో పరిచయము లేదు. ఆయన చూచినవి వాటినుండి వచ్చిన బ్రోమైడు కాగితములను మాత్రమే. పెద్ద పట్టణమునుండి ఆ కాగితములు చుట్టలుగా వచ్చెడివి. వాటిని వరుసవరుసగా కత్తిరించి అట్టమీద అతికించి, ఛాయాచిత్రము తీసి, ఆఫ్‌సెట్టు పద్ధతిని అచ్చువేసెడివారు. తప్పు దొర్లినచో, ఆ మాట నొక్కదానిని తిరిగి తెప్పించి తప్పుమీద అంటించెడివారు. అంటించిన ముక్క కొంచెము వంకరపోయినచో, ఆ మాట తన వరుసలో తలవంచి నిలిచినట్లుండెడిది. “పుటలో ఒక్క మాట మాత్రమే వంకరగా నుండుట చూచితివా? అది అంటించిన మాట. సీసమునకు ఆ రోగము లేదు, కంప్యూటరునకును లేదు” అని ఆయన నవ్వెను. ఆ వంకరయే ఆ కాలమునకు ఆనవాలు.

ఆ యంత్రముల అక్షరములు కొద్ది యేండ్లకే అనాథలైనవి. సీసము బరువైనను గట్టిది. మూలనున్న కేసులో తరములు పడియుండగలదు. వెలుగక్షరమునకు ఆధారము ఒక ఫిల్ముముక్క. ఒక యంత్రపు పలక మరియొక యంత్రమునకు సరిపోదు. యంత్రము పాతదై పోయినప్పుడు దాని అక్షరములును దానితోనే పోయెను. 1991లో యూనికోడు మొదటి రూపము వెలువడినప్పుడు తెలుగునకు అందు స్థానము లభించెను. క్రమముగా కంప్యూటరు అక్షరములు అన్నింటిని ఆక్రమించెను. నాలుగవ కుప్ప వాటిది. దానినిగూర్చి వృద్ధుడు చెప్పవలసినదేమియు లేకపోయెను. మనుమడే చెప్పెను, ఆయన వినెను.

పరిశీలనమంతయు ముగిసిన పిమ్మట యువకుడు, “ఇంత సూక్ష్మముగా అక్షరమును చూచుట మీ అచ్చుకూటమువారికే చెల్లినది” అనెను. వృద్ధుడు తల అడ్డముగా ఊపి, ఈ విద్య ఆ సీమకు క్రొత్త కాదని చెప్పెను. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గమున భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండర్ రే అచ్చటి బౌద్ధస్తూపమును త్రవ్వించినప్పుడు, అక్షరములు చెక్కిన ధాతుపేటికలు బయల్పడెను. వాటిని పరిశీలించిన బ్యూలర్ పండితుడు, అవి బ్రాహ్మీలిపికి చెందినవేయైనను, కొన్ని అక్షరముల ముఖము వేరుగా నున్నదని గుర్తించెను. అందులో ‘మ’ తలక్రిందులుగా చెక్కబడియుండెను. అట్టి కొలది భేదములనుబట్టియే ‘భట్టిప్రోలు లిపి’ అను పేరు లోకమున నిలిచినది. వడ్లమూడికి సమీపమునున్న చేబ్రోలులోనే, శాతవాహన రాజగు విజయుని కాలపు సంస్కృత శాసనము దొరకినట్లు 2019లో ప్రకటింపబడెను, అది క్రీ.శ. 207వ సంవత్సరమునాటిది. రాతిమీది అక్షరమైనను, అట్టమీది అక్షరమైనను పరీక్షించు పద్ధతి యొక్కటే. ఒకే అక్షరమును రెండుచోట్ల చూచి, ఏది కలిసినది, ఏది కలియలేదు అని అడుగవలెను.

భట్టిప్రోలు పేటికలమీద దాతల పేర్లు కలవు. కుబీరకుడను రాజు పేరు కలదు. ఉలి పట్టిన చేతి పేరు కానరాదు. నాటకము పుస్తకముమీద కూడ యువకుడు పేర్లను వెదకెను. కవి పేరు ఉన్నది. ముద్రాపకుని పేరును, ఊరును ఉన్నవి. 1867నాటి చట్టము ప్రతి పుస్తకముమీదను వాటిని అచ్చువేయవలెనని శాసించియుండెను. శీర్షికను వ్రాసినవాని పేరు మాత్రము ఎచ్చటను లేదు. దానిని ఏ చట్టమును అడుగలేదు.

“ఆయన బోర్డులు వ్రాయు పెయింటరు” అని వృద్ధుడు అప్పుడు చెప్పెను. “నాకు ఇరువది మూడేండ్ల వయస్సు. యజమాని అట్టముక్క యిచ్చి నన్ను ఆయన వద్దకు పంపెను. మధ్యాహ్నము రెండు గంటలు ఆయన యెదుటనే కూర్చుంటిని. మొదటి అక్షరములను పెద్దవిగా వ్రాసివేయుటచే, చివరి ‘మ’కు చోటు చాలలేదు. మరల మొదలుపెట్టునేమో, ఆలస్యమైనచో యజమాని కోపించునేమో అని నేను భయపడితిని. ఆయన నావైపు చూచి నవ్వి, ఆ కొమ్మును లోపలికి వంచెను. ‘ఇప్పుడు అందముగా లేదా?’ అని అడిగెను. ఆ వంపును నేను మరువలేదు. ఆయన పేరు అప్పుడు కూడ అడుగలేదు. అందరును పెయింటరుగారనియే పిలిచెడివారు.”

యువకుడు ఆ రాత్రియే అట్టను స్కాను చేసి, అక్షరముల అంచులను తెరమీద తీర్చ నారంభించెను. మొదటి ‘మ’ నిండుగా కుదిరినది. దానినే చివరను కూడ నిలిపినచో పని తగ్గును. రెండును సమానమై, పేరు మరింత పొందికగా నుండునని అతనికి తోచెను. కంప్యూటరునకు చోటు చాలకపోవుట లేదు గదా! అతడు అట్లే చేసి తాతయ్యకు చూపెను. వృద్ధుడు తెరకు దగ్గరగా ముఖము పెట్టి, చివరి అక్షరమును చాలసేపు చూచెను.

“బాగున్నది. కాని ఇప్పుడిది ఎవరి వ్రాతయు కాదు” అనెను.

యువకుడు మారు పలుకక రెండవ ‘మ’ను తుడిచివేసి, పాత వంపును మరల గీచెను. అది సరిగా కుదురుటకు అతనికి మరి రెండు రాత్రులు పట్టెను.

నాటకము అచ్చయినది. లోపలి పుటలో, ముద్రాపకుని పేరుక్రింద, ఒక చిన్న పంక్తి క్రొత్తగా చేరినది: “శీర్షికాక్షరములు 1968లో తెనాలిలో బోర్డులు వ్రాసిన ఒక పెయింటరు చేతివ్రాత.” పేరు దొరకనిచోట ఉన్నంత సత్యమునైనను చెప్పుట న్యాయమని ఆ నాటకాభిమానులును అంగీకరించిరి. రేకుపెట్టె చిత్తుకాగితములవానికి పోలేదు. దానిలోని కాగితములు ఇప్పుడు నాలుగు సంచులలో ఉన్నవి. ఒక్కొక్క కాగితముతో ఒక్కొక్క చీటి కలదు. తాతయ్య చెప్పగా మనుమడు వ్రాసినది. కొన్ని చీటీలలో ఊరు ఉన్నది, కొన్నింటిలో సంవత్సరమున్నది, రెండు మూడింటిలో మాత్రము అక్షరము తీర్చినవాని పేరు కూడ ఉన్నది.

క్రొత్త అట్టమీద కూడ ‘మ’లు రెండున్నవి. ఒకటి తల యెత్తి నిలిచియున్నది. మరియొకటి అంచు దగ్గర ఒదిగి వంగియున్నది. చేతబట్టినవారిలో ఎవరైనను, ఎందుకు ఇట్లున్నదని ఒక్క క్షణము నిలిచి చూచినచో, తెనాలిలో ఒక మధ్యాహ్నము కుంచె పట్టిన ఆ చేయి వారికి కనబడును.